మనోవ్యాధియు లోకాభిప్రాయమును

శరీరమునకు జబ్బు చేసిన మనుష్యుని జూచి లోకము జాలిపడును. మనస్సునకు జబ్బు చేసిన మనుష్యుని జూచి ఆ లోకమే నవ్వును; నవ్వనిచోట భయపడును; భయపడనిచోట సిగ్గుపడును. జ్వరముతో మూలుగువాని మంచముచుట్టు ఇరుగుపొరుగువారు మూగి పథ్యపానములు విచారింతురు. మతి చలించినవాని యింటి తలుపులు పట్టపగలు మూసియుండును. విచారించువారు లేరు; విచారించినచో ఇంటివారు ‘ఊరికి పోయినాడు’ అని చెప్పుదురు. రెండును వ్యాధులే, రెండింటికిని మందులున్నవి, రెండింటను కుదురుకొని మరల పనిపాటలకు పోవువా రనేకులున్నారు. ఐనను ఇంతటి భేద మేల కలిగినది? ఈ భేదము వ్యాధిలో లేదు, చూచువారి మనస్సులో నున్నది. కావున మనోవ్యాధులను గూర్చి ఆలోచింపబూనినవారు రోగి మనస్సుతోబాటు ఆతనిని జూచు సంఘముయొక్క మనస్సును గూడ పరీక్షింపవలసియున్నది. మొదటి పనికి వైద్యు లున్నారు. రెండవ పనికి బాధ్యు లెవ్వరు?

ఈ ప్రశ్న చిన్నది కాదనుటకు లెక్కలే సాక్ష్యము. 2015-16 సంవత్సరములలో బెంగుళూరు నందలి నిమ్‌హాన్స్ సంస్థవారు దేశమున 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య పరిశీలనలో, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచున్నట్లు తేలినది. చికిత్స అవసరమైనవారు దేశమున సుమారు 15 కోట్లమంది యని వారు అంచనా వేసిరి. వీరిలో చికిత్స పొందనివారు వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 వరకు నున్నారని వెల్లడియైనది. అనగా పదిమంది రోగులలో ఏడెనమండుగురు, కొన్ని వ్యాధులలో తొమ్మండుగురు, వైద్యుని మొగమైనను చూడకయే రోజులు గడుపుచున్నారన్నమాట. వైద్యుల కొరత యిందుకొక కారణమే. లక్షమంది జనమునకు ఒక్క మానసిక వైద్యుడైనను లేని దేశము మనది. కాని ఆసుపత్రి పది మైళ్ల దూరములోనే యున్నను పోనివారి సంగతి యేమి? వారిని ఆపుచున్నది దూరము గాదు, నలుగురేమనుకొందురో యను భయము.

శాసనముల విషయమున మనదేశము వెనుకబడియున్నదని యెవ్వరును అనజాలరు. 1912 నాటి ‘ల్యూనసీ’ చట్టము పిచ్చివానిని సంఘమునుండి వేరుచేసి బంధించు విధానమునే ప్రధానముగా నెంచినది. 1987లో ఆ చట్టమునకు మారుగా వేరొకటి వచ్చినది. 2017లో ఆమోదము పొంది 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము రోగిని హక్కులుగల పౌరునిగా గుర్తించినది. ప్రభుత్వవ్యయముతో చికిత్స పొందుట ఆతని హక్కని చెప్పినది. ఆతనిని ఏ విధముగనైనను గొలుసులతో బంధింపరాదని 95వ సెక్షనున శాసించినది. శరీరవ్యాధులకువలెనే మనోవ్యాధులకును భీమా సదుపాయము కల్పింపవలెనని 21వ సెక్షనున నిర్బంధించినది. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని తీవ్రమగు మనస్తాపమునకు లోనైనవానిగా భావింపవలెనే గాని దండింపరాదని 115వ సెక్షనున పలికినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆత్మహత్యాప్రయత్నమును సాధారణముగా నేరముగా నెంచు పాత సెక్షనుకు చోటే లేదు. మఱియు ఈ కళంకభావమును తొలగించుటకు ఆకాశవాణి, దూరదర్శనము, పత్రికల ద్వారమున విరివిగా ప్రచారము సాగింపవలసిన బాధ్యతను 30వ సెక్షను ప్రభుత్వములమీద నుంచినది. చట్టము చేయగలిగినది చేసినది. కాని చట్టము తలుపు తెరువగలదే గాని మనుష్యుని చేయిపట్టి లోనికి గొనిపోజాలదు.

మనలో ఒక సామెత యున్నది: పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు, పెండ్లి ఐతేగాని పిచ్చి కుదరదు. ఒకదానికొకటి అడ్డుపడు పనులన్నింటికిని మనము ఈ సామెతను వాడుచుందుము, వాడునపుడు నవ్వుదుము. కాని ఈ సామెతలో నొక దారుణమగు సత్యము దాగియున్నది. చిత్తచాంచల్యము గల యువకునకు పెండ్లిచేసినచో కుదురుకొనునను నమ్మకముతో, ఆతని వ్యాధిని కప్పిపుచ్చి ఒక కన్యను కట్టబెట్టిన కుటుంబములు మన గ్రామములలో తక్కువ కాదు. ఆ వివాహమువలన ఆతని వ్యాధి కుదురలేదు. ఒక నిరపరాధిని జీవితము మాత్రము చెడినది. స్త్రీకి వ్యాధి సోకినపుడు జరుగునది ఇంతకంటె ఘోరము. ఆమెను పుట్టింటికి తరిమివేయుదురు. పుట్టింటివారు తక్కిన ఆడపిల్లల సంబంధములు చెడునని ఆమెను దాచివేయుదురు. ఈ కప్పిపుచ్చుట, ఈ దాచివేయుట వ్యాధిలక్షణములు కావు. ఇవి లోకాభిప్రాయమునకు వెఱచి ఆరోగ్యవంతులు చేయు పనులు.

భాషను పరిశీలించినను ఇదియే విశదమగును. ‘పిచ్చివాని చేతిలో రాయి’ యందుము. నిజమునకు మనోవ్యాధిగ్రస్తులు ఇతరులను హింసించుటకంటె ఇతరులచేత హింసింపబడుటయే హెచ్చు. హైదరాబాదునందలి ఎర్రగడ్డయు, విశాఖపట్టణమునందలి చినవాల్తేరును లక్షలాది కుటుంబములకు ఊరట కల్పించిన ఆసుపత్రులుగల స్థలములు. కాని వాడుకలో ఎర్రగడ్డ పేరు తిట్టుగా మారినది. ఆంగ్లమునుండి వచ్చిన ‘మెంటల్’ అను విశేషణము బడిపిల్లల నోట ఎత్తిపొడుపు మాటయైనది. చలనచిత్రములలో పిచ్చాసుపత్రి యనగా హాస్యరంగము. ఒక ఆసుపత్రి పేరే తిట్టుగా నున్నచోట, ఆ ఆసుపత్రికి పొమ్మని చెప్పిన వైద్యుని మాట రోగి చెవికి ఉపదేశముగా వినబడునా, అవమానముగా వినబడునా?

ఐనచో ఈ అభిప్రాయమును మార్చుట యెట్లు? ‘ప్రజలు అజ్ఞానులు, వారికి విజ్ఞానము బోధించినచో మారుదురు’ అనునది సామాన్యముగా నందరును చెప్పు సమాధానము. ఏటేట అక్టోబరు 10వ తేదీన ప్రపంచ మానసికారోగ్య దినమున సభలు చేసి, ఊరేగింపులు తీసి, గోడలకు ప్రకటనలు అంటించుట ఈ నమ్మకముతోనే. ఈ నమ్మకము ఎంతవరకు నిజమో పరీక్షించిన ఉదాహరణ యొకటి యున్నది. 1951లో కెనడాదేశమున సస్కాచెవాన్ రాష్ట్రమునందలి ఒక చిన్న పట్టణమును ఎన్నుకొని, జాన్ కమింగ్, ఎలేన్ కమింగ్ అను దంపతులు ఆరునెలలపాటు మనోవ్యాధులను గూర్చి ప్రచారము జరిపిరి. భర్త మానసిక వైద్యుడు, భార్య సంఘశాస్త్రజ్ఞురాలు. చలనచిత్రములు చూపిరి, రేడియోలో మాటలాడిరి, స్థానిక పత్రికలో వ్రాసిరి, చర్చాగోష్ఠులు జరిపిరి. మనోవ్యాధిగ్రస్తునకును సామాన్యునకును నడుమ గోడ యేదియు లేదు, క్రమముగా సాగు మెట్లు మాత్రమే యున్నవని వారు బోధించిరి. ప్రచారమునకు ముందును, పిమ్మటను పట్టణవాసుల అభిప్రాయములను కొలిచి చూచిరి. ఫలితము శూన్యము. శూన్యమే గాదు, మొదట ఆదరించిన పట్టణవాసులు క్రమముగా ముభావము వహించిరి, తుదకు కోపగించిరి. 1957లో ఆ దంపతులు తమ అనుభవమును గ్రంథముగా ప్రకటించిరి. అపజయమును దాచక ప్రకటించినందున ఆ గ్రంథము అనేక విజయగాథలకంటె లోకమునకు ఎక్కువ మేలు చేసినది.

ఎందుకిట్లు జరిగినది? ‘వెర్రివానికిని నీకును గోడ లేదు’ అని చెప్పినపుడు శ్రోత సంతోషింపడు, జంకును. ఆ గోడయే తన్ను కాపాడుచున్నదని ఆతని నమ్మకము. దానిని పడగొట్టవచ్చినవానిని ఆతడు శత్రువుగా జూచును. మనుష్యుని అభిప్రాయములు సంచిలోని గింజలవంటివి కావు, ఒకటి తీసి ఇంకొకటి వేయుటకు. అవి ఆతని భయములతోను, బంధువులతోను, గతములో తాను చేసిన పనులతోను అల్లుకొని యుండును. అమెరికాదేశపు మనశ్శాస్త్రజ్ఞుడు లియోన్ ఫెస్టింగరు 1957లో ప్రతిపాదించిన సిద్ధాంత మిందుకు అనుకూలముగా నున్నది. తాను నమ్మినదానికిని తాను చేసినదానికిని పొత్తు కుదరనపుడు మనుష్యునకు మనస్సులో నొక కలత పుట్టును. ఆ కలతను పోగొట్టుకొనుటకు ఆతడు సత్యమునే వంచుకొనుటకు గూడ వెనుదీయడు. కుమారుని వ్యాధికి మూడేండ్లు మంత్రగాండ్ర చుట్టు తిరిగి, ఎకరము పొలమమ్ముకొన్న తండ్రివద్దకు పోయి, ‘నీవు చేసినదంతయు మూఢత్వము’ అన్నచో ఏమి జరుగును? ఆ మాట ఒప్పుకొన్నచో పొలము పోయినందుకే గాక మూడేండ్ల బిడ్డడి బాధకు గూడ తానే కారకుడనని ఒప్పుకొనవలెను. అంతటి భారమును మోయుటకంటె, ఇంకొక మంత్రగానికడకు పోవుట ఆతనికి సులభము. అవమానించి ఎవ్వరిని ఒప్పింపజాలము. ఒప్పించుటయనగా, ఎదుటివాడు తన గౌరవమును పోగొట్టుకొనకుండ అభిప్రాయము మార్చుకొనుటకు దారిచూపుట.

విజ్ఞానబోధకు గల హద్దును ఇంకొక నిదర్శనము తెలుపుచున్నది. మనోవ్యాధి మెదడునకు సంబంధించిన వ్యాధియనియు, తక్కిన వ్యాధులవంటిదే యనియు పాశ్చాత్యదేశములలో చాలకాలము ప్రచారము జరిగినది. అమెరికాలో 1996లోను, మరల 2006లోను ప్రజాభిప్రాయమును పోల్చిచూడగా, తీవ్రమగు విషాదవ్యాధికి నాడీమండల కారణములున్నవని నమ్మువారు నూటికి 54 మందినుండి 67 మందికి పెరిగిరి. చికిత్స చేయింపవలెననువారి సంఖ్యయు పెరిగినది. కాని రోగితో ఇరుగుపొరుగుగా నుండుటకు, కలసి పనిచేయుటకు వెనుదీయు భావము తగ్గలేదు. కారణము తెలిసినది, దూరము తరుగలేదు. అట్లని బోధ వ్యర్థమని మా అభిప్రాయము గాదు. చికిత్సకు పోవువారు పెరిగినచో అది గొప్ప లాభమే. మన ప్రాచీనులును ఉన్మాదమును వైద్యశాస్త్రమున చేర్చియే చర్చించిరి. చరకసంహితలో దానికి ప్రత్యేకాధ్యాయము లున్నవి. 1931లో కలకత్తా వైద్యులు గణనాథసేన్, కార్తికచంద్రబోసుగార్లు సర్పగంధి వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయునని ప్రకటించిరి. ఆ వేరునుండి 1952లో స్విట్జర్లెండు శాస్త్రజ్ఞులు వేరుచేసిన రిజర్పిన్ ఆ దశాబ్దమున లోకమంతట వాడబడినది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియమ్ గుణమును కనుగొనెను. 1952లో ఫ్రాన్సున క్లోర్‌ప్రోమజీన్ చికిత్సలో ప్రవేశించినది. మందులున్నవని ప్రజలకు తెలియుట అవసరము. కాని తెలియుట వేరు, మనస్సు మారుట వేరు, కాలు కదలుట వేరు.

కాలు కదలుటను గూర్చి యేల్ విశ్వవిద్యాలయమున జరిగిన పరీక్ష యొకటి మన ప్రచారకులందరును గుర్తుంచుకొనదగినది. 1965లో హోవర్డ్ లెవెంథాల్ అను ఆచార్యుడును ఆయన సహచరులును విద్యార్థులకు ధనుర్వాతమును గూర్చి బోధించి, టీకా వేయించుకొండని ప్రోత్సహించిరి. కొందరికి ఎక్కువ భయము కలుగునట్లును, కొందరికి తక్కువ భయము కలుగునట్లును చెప్పిరి. భయపెట్టినవారిలో ఉద్దేశము బలపడినది గాని, టీకాకు పోయినవారు నూటికి ముగ్గురు మాత్రమే. ఐతే కొందరికి బోధతోబాటు ఆరోగ్యకేంద్రమునకు దారిచూపు పటమును, టీకాలు వేయు వేళలను ఇచ్చి, ఏనాడు ఏ వేళకు పోగలరో ఆలోచించుకొమ్మనిరి. వారిలో నూటికి 28 మంది పోయిరి. ఆ కేంద్రమెక్కడ నున్నదో విద్యార్థులకు తెలియనిది కాదు. ఐనను ‘మంచిది, ఎప్పుడో పోవుదము’ అను మాటకును ‘మంగళవారము పదిగంటలకు పోవుదము’ అను మాటకును ఇంతటి వ్యత్యాస మున్నది. మన గోడప్రకటనలలో ‘మానసికారోగ్యమే మహాభాగ్యము’ అని వ్రాయుదురు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఏయే వారములలో కూర్చుండునో, ఏ గదిలో కూర్చుండునో, తాలూకా కేంద్రమునుండి బస్సు ఏ వేళకున్నదో వ్రాయరు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన ‘టెలిమానస్’ దూరవాణి సంఖ్య 14416. తెలుగులో గూడ మాటలాడుటకు వీలున్న ఈ సంఖ్య ఎన్ని పంచాయతీ కార్యాలయముల గోడలమీద నున్నదో పాఠకులు తమ గ్రామమున చూచుకొందురు గాక.

ఇక మనస్సు మారుట. దీనికి బోధకంటె మేలైన సాధనము పరిచయము. హార్వర్డు ఆచార్యుడు గార్డన్ ఆల్‌పోర్టు 1954లో ప్రకటించిన గ్రంథములో, జాతిద్వేషములు తగ్గుటకు సమానులుగా కలసి పనిచేయుట యుత్తమమార్గమని నిరూపింపజూచెను. మనోవ్యాధుల విషయమున గూడ ఇది నిజమని 2012లో ప్యాట్రిక్ కారిగన్ ప్రభృతులు 14 దేశములలో జరిగిన పరిశీలనల నన్నింటిని క్రోడీకరించి చూపిరి. పెద్దవారి అభిప్రాయమును మార్చుటకు, కోలుకొన్న రోగిని ఎదుట చూచి ఆతనితో మాటలాడుట ఉపన్యాసములకంటె బాగుగా పనిచేసినది. బాలబాలికల విషయమున మాత్రము బోధయే హెచ్చుగా ఫలించినది. పెద్దలకు పరిచయము, పిల్లలకు పాఠము: ఇది మన కార్యక్రమములకు పునాదిగా నుంచుకొనదగిన సూత్రము.

ఈ మార్గము మన తెలుగునేలమీదనే నడిచి చూపినది గూడ. పశ్చిమగోదావరి జిల్లా గ్రామములలో, గిరిజన గ్రామములతో సహా, జార్జి ఇన్‌స్టిట్యూటువారు జరిపిన కార్యక్రమమున ఆశా కార్యకర్తలు ఇంటింటికి పోయి విషాదము, ఆందోళన మున్నగు లక్షణములు గలవారిని గుర్తించిరి. కోలుకొన్నవారు తమ అనుభవమును తామే చెప్పుకొనిన దృశ్యములు చూపిరి, వీథినాటకములాడిరి, ప్రాథమికారోగ్య కేంద్రమునందలి వైద్యునకు శిక్షణ నిచ్చి, రోగిని ఆ వైద్యునివద్దకు పంపి, పోయినాడో లేదో మరల విచారించిరి. గిరిజన గ్రామములలో అంతకుముందు గుర్తింపబడినవారిలో నూటికి ఒక్కరైనను చికిత్సకు పోవుట లేదు. పిమ్మట నూటికి పన్నిండుగురు పోయిరి. పన్నిండు స్వల్పసంఖ్య గదా యందురేమో! సున్నకు చేరువగా నున్నచోట అది స్వల్పము గాదు. ఇందు విశేషమేమనగా, మాట చెప్పినది పరాయి పండితుడు గాదు, ఆ యూరి కోడలే. పోవలసిన చోటును దూరనగరము గాదు, ప్రక్కయూరి ఆరోగ్యకేంద్రమే.

మాట చెప్పువారెవ్వరనుట ఎంత ముఖ్యమో ఇంకొక రంగమున తేటతెల్లమగును. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడునందు రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, దర్గా చెంత నడుపబడుచున్న ఒక ఆశ్రమపు పాకలో అగ్నిప్రమాదము సంభవించి 28 మంది మనోవ్యాధిగ్రస్తులు మరణించిరి. వారు గొలుసులతో బంధింపబడియుండిరి. మంటలు చుట్టుముట్టినను పారిపోలేకపోయిరి. ఈ దేశచరిత్రలో ఇంతకంటె సిగ్గుచేటైన దినములు తక్కువ. సుప్రీముకోర్టు తనంత తాను ఈ విషయమును చేపట్టినది. అనుమతిలేని ఆశ్రమములు మూతపడినవి. ఆ కఠినచర్య సర్వవిధముల న్యాయమైనదే. గొలుసుతో రాజీ లేదు. కాని ఆ రోగులను అచ్చటికి గొనిపోయి విడిచినవా రెవ్వరు? క్రూరులు కారు, దిక్కుతోచని తల్లిదండ్రులు. ఆశ్రమమును మూసినంతమాత్రమున వారి దిక్కులేనితనము మూతపడదు.

గుజరాతునందు మెహ్సానా జిల్లాలోని ఉనావా గ్రామమున మీరా దాతార్ దర్గాలో వేరొక మార్గమును త్రొక్కిరి. అచ్చట ‘దవా-దువా’ అను పేరుతో దర్గా సేవకులకే శిక్షణ నిచ్చి, ప్రార్థనకు వచ్చిన రోగిని ఆ సేవకుడే ‘ప్రార్థనయు చేయుము, మందును పుచ్చుకొనుము’ అని ప్రక్కనున్న వైద్యునివద్దకు పంపునట్లు ఏర్పాటు చేసిరి. యేల్ ఆచార్యుడు కార్ల్ హోవ్‌లాండు 1953లోనే చెప్పినట్లు, వినువాడు మాటను తూచుటకు ముందు మాటలాడువానిని తూచును. వైద్యుడు పదిసార్లు చెప్పిన మాట దర్గా సేవకుడో, దేవాలయార్చకుడో ఒక్కసారి చెప్పినచో ఫలించును. హేతువాదులైన మిత్రులు కొందరు దీనిని మూఢవిశ్వాసమునకు దాసోహమనుట యని ఆక్షేపింపవచ్చును. వారి ఆవేదనను మేము గౌరవింతుము. బాణామతి, చేతబడి యను అనుమానముతో తెలంగాణ పల్లెలలో నిరపరాధులను హింసించి చంపిన ఉదంతములు మేము మరువలేదు; అట్టివారిని శిక్షించుటలో శాసనము తడబడరాదు. కాని నేరము వేరు, నమ్మకము వేరు. నేరమును పోలీసువారు పట్టవలెను. నమ్మకమును నచ్చజెప్పువారు పట్టవలెను. రెండింటిని కలిపి ఒకే కఱ్ఱతో కొట్టబోయినచో నేరస్థుడు నమ్మినవారి గుంపులో దాగుకొనును.

మొదట చెప్పిన సామెతకు మరల వత్తము. ప్రజలు రారని ప్రభుత్వమువారు ఆసుపత్రి పెట్టరు. ఆసుపత్రి లేదు గనుక ప్రజలు మంత్రగానివద్దకు పోవుదురు. ఏది ముందు? మా అభిప్రాయమున సేవ ముందు, నినాదము వెనుక. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమ మారంభమైనది. తెలుగుసీమకు పొరుగుననే యున్న బళ్లారి జిల్లాలో 1985 మొదలు నిమ్‌హాన్స్‌వారు నడపిన ప్రయోగము సామాన్యవైద్యులకు శిక్షణ నిచ్చినచో పల్లెలలోనే చికిత్స సాధ్యమని చూపినది. దానిని ఆదర్శముగా గొని 1996లో దేశమున నాలుగు జిల్లాలలో ప్రారంభించిన జిల్లా కార్యక్రమములలో మన మెదకు జిల్లా యొకటి. బాణామతి భయముతో పేరుపడిన జిల్లాయే చికిత్సాకార్యక్రమమునకు ముందువరుసలో నిలుచుట శుభసూచకము. కాని మొదలిడుట కంటె నిలబెట్టుట కష్టము. మనోవ్యాధి మందులు ఒకనాటివి కావు. నెలల తరబడి, ఏండ్ల తరబడి వాడవలసినవి. ఒక నెల మందులు దొరకినవి, రెండవ నెల ‘నిలువ లేదు’ అనిరి. రోగి మరల చెడెను. ఊరివారు ‘చూచితిరా, మందులతో కుదురలేదు’ అనిరి. ఆ ఒక్క నెల లోపము నూరు సభల ఫలితమును తుడిచివేయును. కోలుకొన్న మనుష్యునికంటె గొప్ప ప్రచారకుడు లేడు. మందులేక తిరుగబెట్టిన మనుష్యునికంటె గొప్ప ప్రతికూలప్రచారమును లేదు.

ఈ విషయమున పత్రికల బాధ్యతయు స్వల్పము కాదు. అచ్చుమాట యెంత పనిచేయునో ఆస్ట్రియాదేశపు రాజధాని వియన్నా చూపినది. 1980 తరువాతి సంవత్సరములలో అచ్చటి పత్రికలు ఆత్మహత్యలను పెద్దయక్షరములతో, వివరములతో, నాటకీయముగా ప్రకటించుచుండ, ఆ నగరపు భూగర్భ రైలుమార్గమున ఆత్మహత్యలు పెరిగిపోయినవి. 1987లో నిపుణులు పత్రికలకు నియమములు సూచించిరి, పత్రికలు పాటించినవి. కొలది నెలలలోనే అట్టి మరణములు నాల్గింట మూడువంతులకు పైగా తగ్గిపోయినవి. ఒక్క వైద్యుని అదనముగా నియమింపలేదు, ఒక్క మందును క్రొత్తగా కనుగొనలేదు. వ్రాయు తీరు మారినది, అంతియే. కష్టమును దాటి బ్రదికినవారి కథలు ప్రకటించినచో పాఠకులకు మేలు కలుగునని 2010లో వియన్నా పరిశోధకులే చూపిరి. మనదేశమునను 2019లో ప్రెస్ కౌన్సిలువారు ఇట్టి నియమములను స్వీకరించిరి. రోగి సమ్మతిలేక ఆతని ఛాయాచిత్రమును గాని, చికిత్సావివరములను గాని ప్రకటింపరాదని 2017 చట్టపు 24వ సెక్షను నిషేధించుచున్నది. పరీక్షాఫలితములు వెలువడిన మరునాడు మరణించిన బాలుర ఛాయాచిత్రములను వరుసగా పేర్చి ప్రకటించుట సానుభూతి గాదు. తప్పిన పిల్లవాడు ఆ పుటను చూచును. తప్పినను పిమ్మట నెగ్గి జీవితమున స్థిరపడినవారి వృత్తాంతమును, 14416 సంఖ్యను ఆ పుటలో చూచినచో ఆతని చేయి ఎటువైపు పోవునో ఆలోచింపవలసినది.

కావున మేము కోరునవి ఘనకార్యములు కావు. 30వ సెక్షను క్రింద చేయు వ్యయమును గోడప్రకటనలకు మాత్రమే పరిమితము చేయక, కోలుకొన్నవారు తమ యిష్టపూర్వకముగ, తగిన ప్రతిఫలముతో, గ్రామసభలలోను, పాఠశాలలలోను, పోలీసు శిక్షణాలయములలోను మాటలాడుటకు వినియోగింపవలెను. ప్రతి ప్రాథమికారోగ్య కేంద్రమున మనోవ్యాధి మందులు తెరపి లేక దొరకునట్లు చూడవలెను. దొరకని నెల ఎవ్వరిని అడుగవలెనో పేరు గోడమీద వ్రాయవలెను. ఆశా కార్యకర్తల కిచ్చు శిక్షణలో ఈ వ్యాధులకు చోటుండవలెను. ఆ పనికి వారికి వేతనమును ఉండవలెను. దేవాలయములు, దర్గాలు, ప్రార్థనాలయములు ఉన్నచోట వైద్యులు వాకిటనిలిచి వాదింపక లోనివారితో పొత్తు కుదుర్చుకొనవలెను. ఉన్నతపాఠశాలలలో శరీరశాస్త్రముతోబాటు మనస్సును గూర్చిన పాఠము చేర్చవలెను. చలనచిత్రములు తీయువారు నవ్వించుటకు వేరు వస్తువు వెదకికొందురు గాక. తెలుగువారికి హాస్యమునకు కరవు లేదు.

ఇవి ప్రభుత్వమువారు చేయవలసినవి, సంస్థలు చేయవలసినవి. కాని లోకాభిప్రాయమనునది శాసనసభలో పుట్టదు. అరుగుమీద పుట్టును, పెండ్లిపందిరిలో పుట్టును, బావికడ పుట్టును. సంబంధము చూచుకొనువేళ ‘వారింట ఎవరికో మతి సరిలేదట’ అను గుసగుసతో ఒక కుటుంబము దాచుటకు నేర్చుకొనును. దాచినది చికిత్సకు రాదు. చికిత్సకు రానిది ముదురును. ముదిరినదాని జూచి లోకము ‘చెప్పితిమిగదా, ఇది కుదిరెడి జబ్బు గాదు’ అనును. ఈ చక్రమును త్రిప్పుచున్నది మన నాలుకయే. ఆపగలిగినదియు మన నాలుకయే. మీ వీథిలో తలుపు మూసికొన్న యిల్లొకటి యుండకపోదు. జ్వరము వచ్చిన యింటికి పోయినట్లే ఆ యింటికిని పోయి, ‘ఎట్లున్నది? ఆసుపత్రికి ఏనాడు పోవుచున్నారు? తోడు రమ్మందురా?’ అని అడుగుట కొక పైసా వ్యయము లేదు. ఆంధ్ర, తెలంగాణ మహాజనులు ఈ చిన్నపనికి వెనుదీయరని మా విశ్వాసము. ఆ తలుపు తెరచుకొన్ననాడు లోపలి రోగికే గాదు, వెలుపలి సంఘమునకు గూడ సగము జబ్బు కుదిరినట్లే యగును.